ఊరెళ్ళడం వేరు, ఊళ్ళోకెళ్ళడం వేరు

ఈ మధ్య గుడివాడలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి మన భాష గురించి చాలా బాధపడ్డారు. చదువుకున్నవారు, అనువాదాలు చేసినవారు. ఆ బాధ నిజమైనదే. తెలుగులో తీర్థయాత్రకి మాటుంది, దండయాత్రకి మాటుంది, పక్క వీధికెళ్ళి అరకిలో పెరుగు తేవడానికి మాత్రం పేరు లేదండీ అన్నారు. అందుకే పిల్లలు ట్రిప్పు అంటున్నారు, రౌండు అంటున్నారు, ఏదీ తోచకపోతే 'చిన్న పనుంది' అని సరిపెడుతున్నారు, లేని మాటని ఎక్కణ్ణించి తెస్తాం అన్నారు. ఆయన ఇంకా చెబుతుండగానే వెనక వరసలోంచి ఒకావిడ కొడుకుని కేకేసింది: "ఒరేయ్, ఎటూ అటే వెళ్తున్నావుగా, తాతయ్యకి విస్తరి వేశారో లేదో చూసి, వస్తూ వస్తూ నాలుగు కిళ్ళీలు పట్రా!"

ఆ పిల్లాడు అప్పటికే ఏదో పని మీద వెళ్తున్నాడు. వాడి పనికి ఆవిడ ఇంకో రెండు తగిలించింది. ఏది ముందో ఏది తరవాతో, ఏది వెళ్ళేటప్పుడో ఏది వచ్చేటప్పుడో ఆ ఒక్క కేకలోనే ఉంది. వాడు అన్నీ చేసుకొచ్చాడు. తెలుగుకి చిన్న తిరుగుళ్ళ మాటలు లేవనే వాదానికి ఆ కేకే సరైన జవాబు. కానీ ఈ వాదం ఆయన ఒక్కరిదే కాదు. తరగతి గదుల్లో, సభల్లో, అనువాదం గురించి మాట్లాడుకునే ప్రతిచోటా ఇదే వింటున్నాను. విన్న ప్రతిసారీ తలూపేవాళ్ళే గానీ కాదనేవాళ్ళు కనిపించడం లేదు. అందుకని కాదని రాస్తున్నాను.

వీళ్ళు వెతికే చోటు తప్పు. ఇంగ్లీషులో ఒక నామవాచకం ఉంటే, దానికి ఎదురుగా తెలుగులోనూ ఒక నామవాచకం కూర్చుని ఉండాలని వీళ్ళ లెక్క. ఆ గడి ఖాళీగా కనిపించగానే భాషే ఖాళీ అనేస్తారు. మన భాష ఈ సంగతులన్నీ క్రియల్లో, విభక్తుల్లో దాచుకుంది. ఇంట్లో బియ్యం డబ్బాలో పోసి పెట్టుకుంటే, గాదె ఖాళీగా ఉంది కాబట్టి ఈ ఇంట్లో తిండి లేదనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ముందు 'ఊరు' సంగతి చూద్దాం. మా వైపు ఏ ఇంటికైనా వెళ్ళి, "బాబాయ్ ఉన్నాడా పిన్నీ?" అని అడగండి. "ఊరెళ్ళాడమ్మా" అంటే ఇక ఆ పూట ఆయన రాడు. బెజవాడో హైదరాబాదో, రాత్రికి అక్కడే పడుకుంటాడు, మీరు వెనక్కి తిరగాల్సిందే. "ఊళ్ళోకెళ్ళాడమ్మా" అంటే అరుగు మీద కూర్చోవచ్చు, అరగంటలో వస్తాడు. "పొలం వెళ్ళాడు" అంటే ఎండెక్కేలోపు వస్తాడు. "బజారెళ్ళాడు" అంటే చేతిలో సంచి ఉంది, కాస్త ఆలస్యమైనా కచ్చితంగా వస్తాడు. "బయటికెళ్ళాడు" అంటే ఇక ఏమీ అడక్కూడదు. ఊరు అన్న ఒక్క మాటకి 'లోకి' తగిలితే ప్రయాణం కాస్తా పక్క వీధికి వెళ్ళిరావడమై కూర్చుంటుంది. దూరమెంత, సేపెంత, రాత్రి బస ఉందా లేదా, అన్నీ ఆ రెండక్షరాల్లోనే తేలిపోతాయి. చిన్న ప్రయాణానికీ పెద్ద ప్రయాణానికీ తేడా చెప్పలేదని నిందపడిన భాష ఇదేనా?

ఇక 'కి'. "పాలకెళ్ళాడు", "నీళ్ళకెళ్ళింది", "గడ్డికెళ్ళాడు", "మందులకెళ్ళారు", "కూరలకెళ్ళింది". ఎక్కడికో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏ వస్తువు కోసం గడప దాటారో అదే ఆ నడకకి పేరు. ఇందులో ఒక సొగసుంది, వ్యాకరణం పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు గానీ నోట్లో మాత్రం ఎప్పుడూ తప్పదు. చోటు పేరు వెనక 'కి' రాలిపోవచ్చు: బందరెళ్ళాడు, అవనిగడ్డెళ్ళొచ్చాడు, పొలం వెళ్ళాడు. వస్తువు వెనక 'కి' మాత్రం రాలదు. 'పాలు వెళ్ళాడు' అని పసిపిల్ల కూడా అనదు. చేరాల్సిన చోటు ఒకటి, తేవాల్సిన సరుకు ఒకటి అని భాష వాటిని అంత కచ్చితంగా వేరు చేసి పెట్టింది.

ఆ 'కి'లో సముద్రమూ పట్టింది. బందరు పక్కన, చేపల రేవు గిలకలదిండిలో "వేటకెళ్ళాడు" అంటే చేపల వేటకి. పాలకెళ్ళినవాడు గంటలో వస్తాడు, పెద్ద పడవ మీద వేటకెళ్ళినవాడు రోజుల తరబడి రాకపోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో ఆ మాట రేవులో అంతగా వినపడదు. పాలకీ వేటకీ వాక్యం ఒకటే. ఎంతసేపో, ఎంత ప్రమాదమో చెప్పేది ముందున్న మాట. ఇంత పొదుపున్న చోట లేమి కనిపించిందంటే ఆ చూపుదే లోపం.

అసలైన సొత్తు 'రా'లో ఉంది. "ఇచ్చెయ్" అంటే వస్తువు చేతులు మారితే చాలు, పని అయిపోయినట్టే. "ఇచ్చిరా" అంటే ఇచ్చినవాడు తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడి, ఇచ్చానని చెప్పాలి. పంపిన మనిషి గడప దగ్గర మొదలై, మళ్ళీ ఆ గడప దగ్గరే ముగిసే పని అది. చెప్పిరా, అడిగిరా, చూసిరా, కనుక్కురా, పిలుచుకురా, పట్రా. పంపినవాళ్ళకీ వెళ్ళినవాడికీ మధ్య ఉన్న తాడు ఆ 'రా'. వెళ్ళి అక్కడే ఆటలో పడిపోయిన పిల్లాణ్ణి, "నిన్ను ఇచ్చెయ్యమన్నానా, ఇచ్చి రమ్మన్నానా?" అని అమ్మలు నిలదీసేవాళ్ళు. ఇందులో న్యాయశాస్త్రమంత స్పష్టత ఉంది.

మనుషుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ తేడాలు ఇంకా సున్నితంగా ఉంటాయి. ఊరికొచ్చిన మనవణ్ణి "పెద్ద తాతయ్యకి కనబడిరా" అంటారు. మాట్లాడాల్సిందేమీ లేదు, ముఖం చూపించి దణ్ణం పెట్టి రావడమే. "అత్తయ్యని పలకరించిరా" అంటే రెండు మాటలు, వీలైతే ఒక గ్లాసు కాఫీ. "చూసిరా" అంటే అక్కడ బాలింతో జ్వరపడ్డ మనిషో ఉన్నట్టు. "పరామర్శించిరా" అంటే ఆ ఇంట్లో పెద్ద కష్టం జరిగింది. పెళ్ళికి వెళ్ళి రోజంతా ఉండటం వేరు, "అక్షింతలేసి రావడం" వేరు. రెండోదాంట్లో భోజనం కూడా లెక్కలోకి రాదు. పేరంటానికి "పిలుపులకెళ్ళడం" ఉంది, ఇంటింటికీ వెళ్ళి "బొట్టు పెట్టి రావడం" ఉంది. చుట్టాల్ని సెంటర్ దాకా "దింపి రావడం", గుడివాడలో భీమవరం వైపు వెళ్ళే పెద్దవాళ్ళని జంక్షన్‌లో "బండెక్కించి రావడం" ఉన్నాయి. సామానెత్తి, సీటు చూసి, బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడితేనే ఎక్కించినట్టు. వీటిలో ఒక్కదాని బదులు ఇంకొకటి వాడి చూడండి. తప్పో, కొన్నిచోట్ల అమర్యాదో అవుతుంది. పరామర్శకి పంపాల్సినవాణ్ణి "పలకరించి రా" అని పంపి చూడండి.

ఇవన్నీ వాక్యాలు, మాటలు కావు కదా అని ఒక అభ్యంతరం వస్తుంది. నిఘంటువులో విడిగా ఎక్కితేనే మాట అంటారు. సరే, 'పట్రా' ఎన్ని మాటలు? రాసేటప్పుడు 'పట్టుకు రా' అని విడదీస్తాం గానీ, చెవికి అది రెండక్షరాల ఒకే మాట. 'వెళ్ళొస్తా' ఎన్ని మాటలు? నామవాచకమే కావాలంటే అదీ ఉంది. పురమాయింపు ఉంది. ఒకరికి పని చెప్పి పంపడానికి పేరు అదే. ఇంగ్లీషు మాటకి గడి ఖాళీగా ఉందని బాధపడేవాళ్ళు దీన్ని ఎందుకు మరిచిపోయారో నాకు అర్థం కాదు. కబురు, పిలుపు, పలకరింపు, పరామర్శ, షికారు, చుట్టపుచూపు, తిప్పట: ఇవన్నీ పేర్లే, అన్నీ చిన్న రాకపోకలకే.

ఇంకో వాదం ఇంతకంటే ఎక్కువ హాని చేసింది. కృష్ణా జిల్లా మాటే అచ్చు తెలుగు అయింది కాబట్టి అక్కడ కొత్తగా ఏరుకోవడానికి ఏమీ లేదనీ, మాండలికం కావాలంటే శ్రీకాకుళమో చిత్తూరో తెలంగాణో వెళ్ళాలనీ అంటారు. దీని పునాది చరిత్రలో కొంత ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుని నాలుగు మాండలిక మండలాలుగా విభజిస్తే ఈ కృష్ణా డెల్టా మధ్య మండలంలో పడింది. బ్రౌను దొర బందరులో ఉద్యోగం చేశాడు, ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. 1902లో కృష్ణాపత్రిక బందరులో పుట్టింది. దాని సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు దశాబ్దాల పాటు అక్కణ్ణించే తెలుగు వచనాన్ని తీర్చిదిద్దారు. పత్రికలకీ పాఠ్యపుస్తకాలకీ ఈ చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళ భాష దారి చూపించిందన్నది నిజమే.

కానీ అచ్చుకెక్కింది ఎవరి మాట? సంపాదకీయం రాసేవారి మాట ఎక్కింది. చెరువు మెట్ల మీద బిందె తోముకుంటూ కూతురికి పని చెప్పే తల్లి మాట ఎక్కలేదు. దివిసీమలో కూలి ముఠాని పిలుచుకురావడానికి వెళ్ళిన మేస్త్రీ మాట ఎక్కలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తలపెట్టిన మాండలిక వృత్తి పదకోశం ఎంతో గొప్ప పని. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది, 1971లో వచ్చిన రెండోది చేనేతది. నాగలిలో ప్రతి భాగానికీ, మగ్గంలో ప్రతి పుల్లకీ ఊరూరా ఏమంటారో అడిగి రాసుకున్నారు. వృత్తుల వారీగా వెళ్ళారు కాబట్టి, ఏ వృత్తికీ చెందని పని వాళ్ళ సంచిలో పడలేదు. పెరుగుకెళ్ళడం, కబురు చెప్పి రావడం, పిండి ఆడించుకు రావడం ఎవరి వృత్తి? ఇంట్లో ఆడవాళ్ళదీ పిల్లలదీ. జీతం లేని పనికి పదకోశం కూడా దొరకలేదు. ఏరి పెట్టకపోవడం మన తప్పు. ఆ తప్పుని భాష మీదకి తోసి, అసలు లేవనడం అన్యాయం.

ఏరే ఉద్దేశమే ఉంటే ఈ డెల్టాలో ఒక్క పూట చాలు. బ్యారేజీ నుంచి కాలువలు, కాలువల నుంచి పంట బోదెలు, బోదె నుంచి మడవ గుండా చేలోకి నీళ్ళు. నాట్ల కాలంలో వంతు నీళ్ళు ఏ రాత్రో వస్తాయి. "మడవ చూసొస్తా" అని టార్చిలైటు పట్టుకుని లేస్తాడు రైతు. చూడటమే కాదు, గండి పడితే మట్టి వేయాలి, పైవాడు కట్టేస్తే తీయాలి, అవసరమైతే తగువాడాలి. 'చూసి' అన్న చిన్న మాట అంత బరువు మోస్తుంది. నాగాయలంక మండలంలో ఎదురుమొండి దీవి ఉంది. అక్కణ్ణించి ఏటిమొగ ఒడ్డుకి రావాలంటే పంటు ఎక్కాలి. పిల్లకి మందు తేవాలన్నా, కాగితం మీద సంతకం కావాలన్నా ముందు ఏరు దాటాలి. దీవిలో ఉన్న మనిషికి "దాటి రావడం" అనేది దూరాన్ని బట్టి చిన్న పనే, పంటు వేళల్ని బట్టి రోజంతా పట్టే పని. ఈ రెండు కొలతల్నీ ఒకేసారి చెప్పే మాట ఆ ఒడ్డున పుట్టింది. అనువాదకులు దాన్ని 'ప్రయాణం' అని రాస్తే అబద్ధమవుతుంది, 'ట్రిప్పు' అని రాసినా అబద్ధమే.

ట్రిప్పు మీద నాకు పగ లేదు. ట్రాక్టరు మీద ఇసుక నాలుగు ట్రిప్పులు తోలారంటే ఆ మాట దాని పని అది చక్కగా చేస్తోంది. పరాయి మాటలు వద్దనేవాణ్ణయితే ముందు మా ఊరి పేరే వదులుకోవాలి. రేవు అనే అర్థమున్న పారశీక మాటే బందరు. బజారు, కబురు, షికారు, మజిలీ, పురమాయింపు అన్నీ అటువైపు నుంచి వచ్చినవే. లాకులు, సెంటరు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. కోనేరు సెంటర్ అనకుండా బందరులో ఎవరికీ దారి చెప్పలేం. లేనిది వచ్చి చేరితే భాష పెరుగుతుంది. ఉన్నదాన్ని లేదని చెప్పి తెచ్చిపెడితే మాత్రం ఉన్నది చచ్చిపోతుంది. ఈ లేమికి మందు వేస్తామంటూ 'లఘుయాత్ర', 'స్వల్ప పర్యటన' లాంటివి తయారుచేసేవాళ్ళూ అదే తప్పు చేస్తున్నారు. లఘుయాత్రకి వెళ్ళి కొత్తిమీర తెమ్మని ఏ తల్లీ చెప్పదు. లేదన్నవాళ్ళూ కొత్తగా కల్పించినవాళ్ళూ ఇద్దరూ వంటింటి గడప దాకా వెళ్ళి చెవి పెట్టలేదు.

కోస్తావాళ్ళలో ఇంకో దురలవాటుంది, అదీ చెప్పాలి. తెలంగాణ నుంచో రాయలసీమ నుంచో వచ్చినవాళ్ళు "పోయొస్తా" అంటే మనవాళ్ళు కొందరు నవ్వుతారు. 'పోవడం' అమంగళమట. పోయొస్తాలో పోవడం ఎంతుందో రావడమూ అంతే ఉంది. పోయొస్తా, వెళ్ళొస్తా రెండూ ఒకే అచ్చులో పోసిన మాటలు. నవ్వాల్సిందేమీ లేదు.

ఎందుకంటే ఆ అచ్చే నా వాదానికంతటికీ గుండెకాయ. ఇల్లు వదిలే మనిషి "వెళ్తా" అంటే పెద్దవాళ్ళు ఆపి, "వెళ్ళొస్తానను" అని దిద్దుతారు. ఈ దిద్దుబాటు తెలుగు నేలంతటా ఉంది. కానీ 1864 నవంబరు 1న బందరునీ, 1977 నవంబరు 19న దివిసీమనీ ఉప్పెన ముంచింది. మొదటిదాంట్లో దాదాపు 30 వేల మంది పోయారంటారు, రెండోదాంట్లో సర్కారు లెక్కే పదివేలు దాటింది. ఈ గడ్డ మీద గడప దాటే మాటలో తిరిగి రావడం ఉండి తీరాలని ఒక ముసలావిడ పట్టుబడితే, దాన్ని మూఢనమ్మకం అని తీసిపారేసే హక్కు నాకు లేదు. పైగా ఆ పట్టుదలలో ఎంత కచ్చితత్వం ఉందో చూడండి. చావు జరిగిన ఇంటికి పరామర్శకి వెళ్ళినవాళ్ళు లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. చెప్పకుండానే వచ్చేస్తారు. ఎందుకంటే అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రాకూడదు. మాటలో ఉన్న 'రావడం' అంటే ఏమిటో తెలియకుండా అలవాటుగా అనేస్తుంటే, అక్కడ మాత్రం ఎందుకు ఆగుతారు? ప్రతిసారీ తెలిసే అంటున్నారు. పాలకెళ్ళినా బొంబాయి వెళ్ళినా రాకని ముందే లెక్కలో కలుపుకుని గడప దాటించే మాట మనకి ఉంది. దాన్ని పక్కన పెట్టి, 'ట్రిప్పుకి తెలుగు లేదు' అని పంక్తిలో కూర్చుని బాధపడటం నాకు మింగుడుపడలేదు.

ఈ గొడవంతా పండితులు తేల్చుకుంటారులే అనుకునేవాళ్ళకి ఇంకొక్కటి చెప్పాలి, ఇది కడుపుకి సంబంధించింది. పని అయితే "ఇలా వెళ్ళి అలా వచ్చేశా" అంటాం, కాకపోతే "చేతులూపుకుంటూ వచ్చా" అంటాం. పని మళ్ళీ మళ్ళీ కాకపోతే తిరగడం మొదలవుతుంది. అక్కడ తెలుగు మూడు మెట్లు కట్టింది. "తిరిగాను" అంటే నడక నాది. "తిప్పారు" అంటే నడక నాదే, తప్పు వాళ్ళది. "తిప్పించుకున్నారు" అంటే వాళ్ళు కావాలనే చేశారు, బహుశా చెయ్యి తడిచేదాకా. చెప్పులరిగేలా తిరగడానికీ తిప్పించుకోవడానికీ మధ్య ఉన్న దూరం, దురదృష్టానికీ దౌర్జన్యానికీ మధ్య ఉన్న దూరం. "ఆరు ట్రిప్పులు పడింది" అనండి. ఆ వాక్యంలో నేరం చేసినవాడు మాయమైపోతాడు.

కౌలురైతు ఒకతన్ని ఒక ఆఫీసు బయట చూశాను. ఏ ఆఫీసో, ఏ ఊరో వదిలేద్దాం. చెట్టు కింద కూర్చుని, అర్జీ రాసిపెట్టే కుర్రాడికి తన గోడు చెబుతున్నాడు. "నాలుగు నెలల నుంచి తిప్పుతున్నారు బాబూ, ఇవాళా రేపూ అని తిప్పించుకుంటున్నారు" అన్నాడు. కుర్రాడు బుద్ధిగా రాశాడు: 'తమ కార్యాలయమునకు పలుమార్లు వచ్చియుంటిని.' చదివి వినిపించాడు. రైతు ఏమీ అనలేదు, అర్జీలో అలాగే రాస్తారు కాబోలనుకున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ లైను కొట్టేసి, ఆయన ఏమన్నాడో అదే రాయమన్నాను. "అలా రాస్తే బాగుండదేమోనండీ" అన్నాడు కుర్రాడు. బాగుండకపోయినా రాయమన్నాను. రైతు నా వైపోసారి, కాగితం వైపోసారి చూసి, "రాయి బాబూ, తిప్పుతున్నారనే రాయి" అన్నాడు.